మంటల వెలుగులో ఆకుపచ్చ కోటు

పారిస్,
9 అక్టోబరు 1962

అక్కా,

ముందు కూర్చో. తర్వాత చదువు. నా బొమ్మల కథ తీసుకున్నారు.

మూడేళ్ళుగా అట్టపెట్టె చంకన పెట్టుకుని ఈ ఊళ్ళో నేను ఎక్కని మెట్లు లేవు, నాకు కాఫీ ఇవ్వకుండా పంపని సంపాదకుడు లేడు. ఇవాళ 'గాలిపటం' వారపత్రిక సంపాదకుడు దెలోబియే గారు నా ఆరు పేజీలూ బల్ల మీద పరిచి, పైపు వెలిగించుకుని, అది ఆరిపోయేదాకా చూశారు. చూసి, "డిసెంబరు ఆరో తారీకు గురువారం నుంచి మొదలెడదాం, వారానికో పేజీ" అన్నారు. బయటికొచ్చాక రెండు వీధులు పరిగెత్తాను, ఎందుకో నాకే తెలీదు.

కథ నీకు తెలిసిందే. మన కొండల్లో కస్టమ్స్ కెప్టెన్ మిర్వాల్ ఒకవైపు, స్విట్జర్లాండు నుంచి మంచు మీదుగా గడియారాలు దాటించే దొంగ ఇంకోవైపు. ఆ దొంగకి పేరు లేదు, మొహం సరిగ్గా కనిపించదు. ఆకుపచ్చ కోటు ఒక్కటే వాడి ఆనవాలు.

ఒక మెలిక ఉంది. ఏటా జూన్‌లో పాఠకులు పత్రికలో కూపన్ కత్తిరించి ఓటు వేస్తారు. నడుస్తున్న పదకొండు కథల్లో అడుగున మిగిలిన మూడింటినీ ఆపేస్తారు. అంటే నాకు జూన్ దాకా ఆయుష్షు ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. నాకు రంగులు రావు. నేను గీసింది ప్రెస్సు వాళ్ళు దళసరి కాగితం మీద లేత నీలంలో అచ్చు వేసి ఇస్తారు, దాన్ని నీలి ప్రూఫు అంటారు. రంగులు దాని మీద వేయాలి. మాటల బుడగలు అందులో ఖాళీగానే ఉంటాయి, మాటలు ఇక్కడ ఇంకొకాయన రాస్తాడు. కార్ఖానాలో వీధి పేర్ల ఎనామెల్ పలకల మీద రంగులు వేసే నీ చేతికి ఇదొక లెక్కా? వేసిపెట్టవూ? కాదనకు.

గాల్లో తేలుతున్న నీ తమ్ముడు,
ఆన్సెల్మ్


మోరే,
14 అక్టోబరు 1962

ఒరేయ్ ఆన్సెల్మ్,

నిలబడే చదివాను, పడలేదు. రెండోసారి చదివినప్పుడు మాత్రం కూర్చోవలసి వచ్చింది.

తియోఫిల్ మావయ్యకి చెప్పాను. కళ్ళద్దాల ఫ్రేముల దుకాణంలో నీ కోసం అట్టేపెట్టిన కుర్చీ గురించే ఆయన బెంగంతా. "జూన్ దాకా దానిమీద ఎవణ్ణీ కూర్చోబెట్టను. జులై వచ్చిందంటే మాత్రం నన్ను అడగొద్దు" అన్నాడు. పాపం, నువ్వు ఇంటికి రావాలని ఆయనకి మనసులో ఉంది. నీ కథ మొదటి పేజీ ఎప్పుడొస్తుందని మూడుసార్లు అడిగాడు కూడా.

రంగులు వేస్తాను. ఇంత బతిమాలడం దేనికి? పొద్దంతా పలకలు కాల్చే కొలిమి దగ్గరే గడుస్తుంది, సాయంత్రం నీ మంచు వేస్తాను. కాకపోతే ఎవరు ఏ బట్టల్లో ఉన్నారో, పొద్దా సాయంత్రమా, అంచుల్లో పెన్సిల్‌తో స్పష్టంగా రాయి. మాటలు లేకుండా నీ బొమ్మలు చూస్తే ఎవడు ఎవణ్ణి తరుముతున్నాడో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

మెడకి మఫ్లరు కట్టుకుంటున్నావా?

అక్క,
ఉగెట్


పారిస్,
6 డిసెంబరు 1962

బంగారు అక్కా,

ఇవాళ ఉదయం ఏడింటికే పత్రికలమ్మే దుకాణం ముందు నిలబడ్డాను. ఆవిడ కట్టలు విప్పుతోంది. నేను తొమ్మిదో పేజీ తెరిచి అక్కడే ఉండిపోతే, "కొంటావా, చదివి పెట్టేస్తావా?" అని కసిరింది. ఇది నాదండీ అన్నాను. అందరూ అలాగే అంటారు అంది. నాలుగు ప్రతులు కొన్నాను.

నీ మంచు! పక్క కథల్లో మంచంటే తెల్ల కాగితం. నీ మంచులో ఊదా ఉంది, నీడల్లో నీలం ఉంది, కొండ అంచున వెన్నలాంటి పసుపు ఉంది. దెలోబియే గారు దాన్ని చాలాసేపు చూసి ఏదో అడిగారు, నేను తల ఊపాను. అలాగే కానిమ్మన్నారు.

పార్సిల్లో నువ్వు పెట్టే మన కొండల మోర్బియే జున్ను ఆగకుండా రానీ. ఇక్కడ దొరికేది రబ్బరు.

నీ,
ఆన్సెల్మ్


మోరే,
16 డిసెంబరు 1962

తమ్ముడూ,

ఏడో పేజీ ఈ ఉత్తరంతోనే పంపిస్తున్నాను. దీని కోసం నాకు నాలుగు రోజులు పట్టింది, ఎందుకో చెబుతాను విను.

దొంగ గుహలో మంట ముందు కూర్చున్నాడని రాశావు కదా. ఆకుపచ్చ కోటు మంటల వెలుగులో ఏ రంగులో ఉంటుంది? నువ్వు ఆలోచించి ఉండవు. నేనూ ముందు ఆకుపచ్చే వేశాను. మంట పక్కన అది పచ్చి బఠానీలాగా నవ్వుతోంది. అందుకని మావయ్య వేట కోటు అడిగి తెచ్చి, కొలిమి తలుపు తెరిపించి దాని ముందు వేలాడదీశాను. మేస్త్రీ అరిచాడు. కొలిమి చల్లారిపోతోందని ఆయన గోల, కోటు తగలబడుతుందని మావయ్య గోల. నేను మాత్రం చూడవలసింది చూశాను. ఆకుపచ్చ పోయి, తుప్పు పట్టిన ఇనుములాంటి ఎరుపు వచ్చింది. అదే వేశాను.

ఇరవై ఏళ్ళుగా కొలిమి ముందు ఉంటున్నాను, అది చూపించే రంగుల్ని ఎప్పుడూ చూడలేదు. నీ పుణ్యమా అని ఇప్పుడు దారిలో ప్రతి గోడనీ ఆగి చూస్తున్నాను. జనం నాకు మతి పోయిందనుకుంటున్నారు. అనుకోనీ, నాకు హాయిగా ఉంది.

అక్క


పారిస్,
20 డిసెంబరు 1962

అక్కా,

ఆ గుహ పేజీ అందింది. గీసింది నేనేనా అనిపించింది.

తొమ్మిదో పేజీ ప్రూఫు పంపుతున్నాను. కెప్టెన్ మిర్వాల్ పట్టపగలు మంచు మైదానంలో దొంగని ఎదురుగా చూస్తాడు. వివరాలు రాసే తీరిక లేదు, పన్నెండో పేజీ మీద పడ్డాను. కెప్టెన్ మామూలే. దొంగ కోటు ఏడో పేజీలో లాగే.

పరుగులో,
ఆన్సెల్మ్


పారిస్,
31 జనవరి 1963, గురువారం

ఉగెట్,

కొంప ముంచావు.

తొమ్మిదో పేజీలో దొంగ కోటు ఎర్రగా ఉంది. పట్టపగలు, తెల్లటి మంచులో, ఎర్రగా! బుడగలో కెప్టెన్ "ఈ కోటు నాకు కొత్త కాదు" అంటున్నాడు. ఎలా పాతదవుతుంది? వాడి ఆనవాలే ఆకుపచ్చ కోటు. దెలోబియే గారు నిప్పులు చెరిగారు. రంగులు చూసుకోవడం రానివాడు కథలెందుకు రాయాలన్నారు. జూన్‌కి ముందే నన్ను సాగనంపేలా ఉన్నారు.

నా తప్పూ ఉంది. మంచు వల్ల రైలు ఐదు గంటలు ఆలస్యమైంది, నీ పార్సిల్ విప్పకుండానే తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చేశాను. విప్పి ఉంటే చూసేవాణ్ణి. పదో పేజీలో వాడు లేడు, పదకొండు నా దగ్గరే ఉంది. కోటుకి ఆకుపచ్చ వేయడానికి వెంటనే తిప్పి పంపుతున్నాను.

అసలు నీకు ఎందుకలా అనిపించింది?

ఆన్సెల్మ్


మోరే,
3 ఫిబ్రవరి 1963

ఆన్సెల్మ్,

నాకు అనిపించలేదు, నువ్వు రాశావు. "దొంగ కోటు ఏడో పేజీలో లాగే." నీ చేతిరాతలోనే ఉంది, ఆ చీటీ నా దగ్గరుంది. ఏడో పేజీలో కోటు తుప్పు ఎరుపు. అంత కష్టపడి సాధించిన రంగుని మళ్ళీ వాడమంటున్నావని నేను మురిసిపోయాను. ఎండలోకి వస్తే అది ఆకుపచ్చ అవ్వాలని నాకు తట్టి ఉండాల్సింది, ఒప్పుకుంటాను. కానీ బుడగలో ఏం రాసి ఉందో నాకెలా తెలుస్తుంది? నా దగ్గరున్న బుడగలన్నీ ఖాళీయే కదా.

కోపంగా ఇంత రాశాను కానీ రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు. నీ జూన్ నా వల్ల పోతుందా? నన్ను మానేయమంటే మానేస్తాను. ఎవరైనా చేయి తిరిగిన మనిషిని చూసుకో.

ఆ పార్సిల్లో జున్ను పెట్టాను, అందిందా? దాని మాటే రాయలేదు.

అక్క


పారిస్,
14 ఫిబ్రవరి 1963

అక్కా, నా బంగారు తల్లీ,

ఏ జున్నూ అందలేదు. ఏడో పేజీలో ఉన్నది మంటల వెలుగని మర్చిపోయి హడావిడిలో ఆ చీటీ రాసింది నేనే, తప్పు నాదే. జున్ను సంగతి వదిలెయ్. ఇది విను.

సోమవారం దెలోబియే గారు కబురు పంపారు. నన్ను తీసేస్తారనే వెళ్ళాను. బల్ల మీద ఉత్తరాల గుట్ట ఉంది. వారానికి ఎప్పుడూ పాతిక రాని చోట ఆరు వందల పైచిలుకు వచ్చాయి. అందరిదీ ఒకటే ప్రశ్న. ఎర్ర కోటు వాడెవడు? లిల్ నుంచి ఒకమ్మాయి వాళ్ళు కవలలని తేల్చేసింది. తులూజ్ పిల్లాడొకడు కెప్టెన్ మిర్వాల్ తమ్ముడే ఎర్ర కోటు వాడని పటం గీసి మరీ నిరూపించాడు. కెప్టెన్ "ఈ కోటు నాకు కొత్త కాదు" అన్నాడు కదా, అంటే ఏదో పాత కథ ఉందని వాళ్ళ నమ్మకం. గుహలో కనిపించిందీ వాడేనట. ఏడో పేజీ తిరగేసి పట్టుకున్నారు.

దెలోబియే గారు నా వంక చూసి, "ఇదంతా నువ్వు ముందే అనుకున్నావా?" అని అడిగారు. నేను మళ్ళీ తల ఊపాను. నా తల ఈ మధ్య బాగా అలవాటు పడింది.

ఇంటికొచ్చి కథ మొత్తం చింపి మళ్ళీ రాశాను. దొంగలు ఇద్దరు! ఆకుపచ్చ కోటు వాడు గడియారాలు దాటిస్తాడు. ఎర్ర కోటు వాడు ఎవరో నాకు ఇంకా తెలీదు, కానీ వాడొస్తే చాలు నా చేయి దానంతటది గీసేస్తోంది. మానేస్తానని ఇంకోసారి రాశావంటే మోరే వచ్చి కొలిమి ముందు ధర్నా చేస్తాను.

ఎగిరి గంతేస్తున్న,
ఆన్సెల్మ్


మోరే,
24 మార్చి 1963

ఆన్సెల్మ్,

ఇరవై, ఇరవై ఒకటో పేజీలు పంపాను. మంచు కరుగుతోంది.

ఉగెట్


పారిస్,
29 మార్చి 1963

అక్కా,

ఏమిటీ సంగతి? రెండు వాక్యాల ఉత్తరం రాశావు. జున్నూ లేదు, మఫ్లరు ఊసూ లేదు. ఎవరో ఉన్నారు కదూ? నాకు తెలిసిపోయింది. ఆ జున్ను కొట్టు అతనా? పెద్ద మీసాలు, చిన్న సైకిలు? చెప్పు, నేనేమీ అనుకోను. పెళ్ళయ్యాక కూడా పేజీలు వేస్తావు కదా? అతనికి బొమ్మల కథలంటే పడకపోతే నేనొచ్చి మాట్లాడతాను. ముందు జూన్ గట్టెక్కనీ, తర్వాత ఎంత ఘనంగా కావాలంటే అంత ఘనంగా చేద్దాం.

ఉబలాటంగా,
ఆన్సెల్మ్


మోరే,
1 ఏప్రిల్ 1963

ఆన్సెల్మ్,

జున్ను కొట్టు అతనికి ముగ్గురు మనవలు.

పోయిన నెల 'గాలిపటం'లో నీ ఫొటో వేసి మాట్లాడించారు. మావయ్య దుకాణంలో అందరికీ చదివి వినిపించాడు. నేను పక్కనే ఉన్నాను. "ఈ అద్భుతమైన రంగులు మీరే వేస్తారా?" అని అడిగితే "అవునండీ, మా కొండల మంచు నా కళ్ళల్లోనే ఉంది" అన్నావట. మావయ్య అక్కడ ఆపి నా మొహం చూశాడు. అందరూ చూశారు. ఏం చేయను, నవ్వాను.

నేను పద్నాలుగేళ్ళ వయసు నుంచి ఎనామెల్ పలకల మీద పేర్లు రాస్తున్నాను. నోటరీల పేర్లు, పళ్ళ డాక్టర్ల పేర్లు, చచ్చిపోయిన సేనాపతుల పేర్లు పెట్టిన వీధులు. ఏ పేరు ఎక్కడ పెడితే ఎంత దూరం కనిపిస్తుందో నన్నడుగు. నీ పేరు ఆ పేజీలో బాగా కనిపిస్తోంది. చాలా దూరం కనిపిస్తోంది.

పేరు వేయమని నిన్ను నేను ఎప్పుడూ అడగలేదు. కానీ నేను లేనని చెప్పమనీ అనలేదు.

ఇందుకు పనేం ఆగదు. ఇరవై రెండో పేజీ శుక్రవారం పంపుతాను.

ఉగెట్


పారిస్,
4 ఏప్రిల్ 1963

అక్కా,

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మొదటి రోజు నీ మంచు చూసి దెలోబియే గారు అడిగింది అదే, "రంగులు నీవేనా?" అని. నాకు రంగులు రావంటే కథ తీసుకోరేమో అని భయపడి తల ఊపాను. తర్వాత ఆ అబద్ధం ఎలా వెనక్కి తీసుకోవాలో తెలీలేదు. పత్రిక విలేకరి ఫొటో తీస్తూ అడిగేసరికి నోరు దానంతటదే వాగింది. మంచు నా కళ్ళల్లో ఉందట! అది అచ్చులో చూసి నాకే ఒళ్ళు మండింది. నువ్వు చూడవని మాత్రం ఎలా అనుకున్నానో దేవుడికి తెలియాలి.

రేపు పొద్దున్నే వెళ్ళి ఆయనకి నిజం చెప్పేస్తాను. అబద్ధాలాడేవాళ్ళంటే ఆయనకి పడదు, కిందటేడు ఒకణ్ణి ఆ కారణంగానే పంపేశారు. పంపితే పంపనీ. మావయ్య కుర్చీ ఖాళీగానే ఉంది కదా.

సిగ్గుతో,
నీ ఆన్సెల్మ్


మోరే,
5 ఏప్రిల్ 1963

తమ్ముడూ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. వెళ్ళొద్దు. ఏమీ చెప్పొద్దు. నీకు కోపంగా రాశాను కానీ నీ నోటి దగ్గర కూడు తీసేయమని రాయలేదు.

ఇది నీ ఒక్కడి కథ అనుకుంటున్నావా? ఎర్ర కోటు వాడు నా చేతిలోంచి వచ్చాడు. వాడెవడో తెలియకుండా ఆగిపోతే నేను సాయంత్రాలు ఏం చేయను? జూన్‌లో పాఠకులు ఓటు వేయనీ. ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు ఒప్పుకో. అంతవరకు నోరు మూసుకుని గీయి.

అక్క


పారిస్,
6 ఏప్రిల్ 1963

అక్కా,

నీ ఉత్తరం రాకముందే నిన్న వెళ్ళాను. ఒక్క ఊపిరిలో అంతా చెప్పేశాను.

దెలోబియే గారు పైపు పక్కన పెట్టారు. "జనవరిలో నువ్వు విప్పకుండా ఒక పార్సిల్ ఇచ్చావు గుర్తుందా? విప్పితే పేజీ ఉంది, అరకిలో జున్ను ఉంది, 'మెడకి మఫ్లరు కట్టుకో వెధవా' అని ఒక చీటీ ఉంది. నువ్వే నీకు అలా రాసుకుంటావా అని అప్పట్నించీ చూస్తున్నా, ఎప్పుడు చెప్తావో" అన్నారు.

మరి జున్ను ఏమైందండీ అని అడిగాను. తిన్నామన్నారు. చాలా బావుందట.

తర్వాత నవ్వు ఆపి, మనిద్దరినీ ఉంచాలా పంపాలా అన్నది తను చెప్పనని, జూన్‌లో పాఠకులే చెబుతారని అన్నారు. 'ఇద్దరినీ' అన్నది ఆయన మాటే, నేను కలిపింది కాదు.

ఆన్సెల్మ్


పారిస్,
28 జూన్ 1963

అక్కా,

రెండో స్థానం! పదకొండింటిలో రెండు! ముందున్నది పదేళ్ళుగా నడుస్తున్న కథ, దాన్ని ఎవరూ కదపలేరు. కూపన్లు లెక్కపెట్టినావిడ నన్ను కౌగిలించుకుంది. ఎవరావిడ అని కూడా అడగలేదు, నేనూ కౌగిలించుకున్నాను.

రెండేళ్ళకి ఒప్పందం రాశారు. వారానికి రెండు పేజీలు, వచ్చే ఏడాది మొదటి కథ పుస్తకంగా వస్తుంది. కూపన్ల వెనక పిల్లలు రాసిన వాటిలో సగం నీ మంచు గురించే. ఒకమ్మాయి "ఆ మంచు చూస్తే మా అమ్మ నాకు స్వెట్టరు వేసింది" అని రాసింది.

పుస్తకం అట్ట మీద నీ పేరు వేయమన్నాను. కుదరదన్నారు. రంగులు వేసేవాళ్ళ పేరు ఏ ప్రచురణకర్తా వేయడట. నేను వినలేదు, గంటసేపు కదల్లేదు. చివరికి దెలోబియే గారు విసిగిపోయి, "అట్ట నాది. పేజీలో నువ్వేం గీసుకుంటావో నేనెప్పుడైనా అడిగానా?" అన్నారు.

కొత్త కథ మొదటి పేజీ ప్రూఫు పంపుతున్నాను. మొదటి గడి చూడు. మంచు కాబట్టి అక్కడంతా తెల్లగా వదిలెయ్, అక్షరాలు బాగా కనిపిస్తాయి.

మావయ్యకి చెప్పు, ఆ కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చని.

నీ,
ఆన్సెల్మ్


మోరే,
12 జులై 1963

తమ్ముడూ,

ప్రూఫు వచ్చి పది రోజులైంది. ఆలస్యానికి కారణం రైలు కాదు.

మొదటి గడిలో కొండవాలు మీద, స్కీ జాడల పక్కన, మంచులో కర్రతో రాసినట్టు రాశావు. 'ఆన్సెల్మ్, ఉగెట్ జోబే', మన ఇంటిపేరుతో సహా. చూసి ప్రూఫు బోర్లా పెట్టేశాను. మిగతా గడులన్నీ వేసేశాను. ఆ ఒక్కదాని దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. ఊరంతా ఏమంటుందో, మేస్త్రీ ఏమంటాడో, ఇంత పెద్ద పత్రికలో నా పేరేమిటో అని భయం వేసింది. ఒక రోజు తెల్ల రంగు డబ్బా తీసి నా పేరు మీద పూసేశాను. ప్రాణం కాస్త కుదుటపడింది.

ఆ తర్వాత గుర్తొచ్చింది. నువ్వు గీసిన నల్ల గీత ఈ కాగితం మీద లేదు. ప్రెస్సులో వేరే పలక మీద ఉంది, అచ్చులో నా రంగుల పైకి వచ్చి కూర్చుంటుంది. నేను ఎంత తెలుపు పూసినా పోదు. ఆ సంగతి నీకు తెలిసే అలా గీశావు, దొంగ వెధవా.

ఏడ్చాను. మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

తెల్లగా వదిలేయమన్నావు, వదల్లేదు. ఉదయం ఎండలో మంచు తెల్లగా ఉంటుందని ఎవరు చెప్పారు నీకు? గట్టు ఎగువన గులాబీ వేశాను, గుంటల్లో నీలం వేశాను, అక్షరాల చుట్టూ ఎవరి వేళ్ళో ఇప్పుడే తాకి వెళ్ళినట్టు లేత పసుపు వేశాను. నా పేరు చివర కొద్దిగా ఎక్కువ వేశాను. దాన్ని తగ్గించమని మాత్రం అడగకు.

నాలుగు గంటల బండికి నేనే స్వయంగా ఇచ్చి వచ్చాను. గార్డు పార్సిల్ అందుకుంటూ లోపల ఏముందని అడిగాడు. నా పేజీ అని చెప్పాను.

అక్క,
ఉగెట్